చిన్న ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకోవడం: ఏ ఇంట్లో, ఎవరి తోడుతో, ఎలా?

మొదటిసారి గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాను. నడుము కింది భాగానికి ఇచ్చిన మత్తు దిగిపోయింది, కాళ్ళు కదులుతున్నాయి, నొప్పి పెద్దగా లేదు. తొమ్మిదింటికే నిద్ర పట్టింది. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేసరికి కుట్ల దగ్గర నిప్పు పెట్టినట్టు మండుతోంది. సర్జన్ గాయం చుట్టూ వేసిన మత్తు ఇంజెక్షనే అప్పటిదాకా నొప్పిని ఆపి ఉంచిందని నాకు అప్పుడు తెలియదు. మాత్రలు గదికి అటువైపు అలమరలో ఉన్నాయి. ఫోను గోడ దగ్గర ఛార్జింగులో ఉంది. అన్నయ్య పక్క గదిలో తలుపు వేసుకుని నిద్రపోతున్నాడు. లేద్దామని నడుము ఎత్తబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. అన్నయ్యా అని గట్టిగా పిలుద్దామంటే ఊపిరి బిగించగానే పొట్ట లాగుతోంది. దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని, వాడు దాహానికి లేచేదాకా అలాగే పడి ఉన్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో ఇంకో మూడు చిన్న ఆపరేషన్లు జరిగాయి. అమ్మకు పిత్తాశయం తీశారు, నాన్నకు కంటి శుక్లం తీశారు, నాకే రెండోవైపు హెర్నియా వచ్చింది. ప్రతిసారీ ఇంట్లో అవే ప్రశ్నలు: ఆ రోజే వచ్చేయాలా, ఎవరింటికి వెళ్ళాలి, మనిషిని పెట్టుకోవాలా, ఎన్నాళ్ళు పడుకోవాలి? ఇప్పుడు వీటిలో దేన్ని తేల్చాలన్నా నేను ముందు మొదటి రాత్రి రెండు గంటల సంగతి చూస్తాను. పగటిపూట ఏ ఏర్పాటైనా ఎలాగో నడిచిపోతుంది. పక్కింటివాళ్ళు ఉంటారు, ఆసుపత్రిలో ఫోను ఎత్తుతారు, మందుల షాపు తెరిచి ఉంటుంది. రాత్రి రెండింటికి నొప్పి లేచినా, వాంతి వచ్చినా, కట్టు తడిసినా ఆ ఏర్పాటు నిలబడుతుందా అన్నదే అసలు విషయం.

ఇక్కడ రాసినవన్నీ హెర్నియా, పిత్తాశయం, మొలలు, కీళ్ళలోకి గొట్టం వేసి చేసే ఆపరేషన్లు, చర్మం కింది గడ్డలు, కంటి శుక్లం, యాంజియోగ్రామ్ లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని పెద్దల కోసం రాసినవి. మీ డాక్టరు రాసిచ్చిన చీటీలో వేరేగా ఉంటే ఆ చీటీయే పాటించండి. మీ గాయాన్ని లోపలి నుంచి చూసింది ఆయనే.

ఆ రోజే ఇంటికా, ఒక రాత్రి ఆసుపత్రిలోనా?

ఆపరేషన్ చేసిన రోజే ఇంటికి పంపడం ఇప్పుడు కొత్తగా పుట్టిన పద్ధతి అని, మంచాలు ఖాళీ చేయడానికే అలా చేస్తారని చాలామంది అనుకుంటారు. స్కాట్లాండులోని గ్లాస్గోలో జేమ్స్ నికోల్ అనే సర్జన్ పిల్లలకు చేసిన 8,988 ఆపరేషన్ల లెక్కను 1909లోనే ప్రచురించారు. పిల్లలను వార్డులో ఉంచకుండా తల్లుల చేతికి ఇచ్చి పంపేవారు. కానీ అందులో చాలామంది మరిచిపోయే భాగం ఒకటుంది. ఆ ఇళ్ళకు నర్సులు వెళ్ళి గాయాలు చూసి వచ్చేవారు. ఇంటికి పంపడం, ఇంట్లో చూసే మనిషి ఉండడం మొదటి నుంచీ ఒకే ఏర్పాటులో రెండు భాగాలు. రెండోది లేకుండా మొదటిదాన్ని ఎంచుకుంటేనే చిక్కు.

మాత్రలతో నొప్పి అదుపులో ఉండి, కాసిని నీళ్ళు తాగినా వాంతి కాకుండా, సొంతంగా మూత్రం పోసి, పట్టుకుని నాలుగడుగులు వేయగలిగితే ఇల్లే మేలు. సొంత పడకలో నిద్ర పడుతుంది, రాత్రంతా లైట్లు, చప్పుళ్ళు ఉండవు, ఆసుపత్రి క్రిములకు దూరంగా ఉంటారు.

ఇంటికి వెళ్ళాలన్న ఆత్రంతో దాటవేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉన్నవాళ్ళు ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పి, రాత్రి ఉండాలా అని అడగాలి. మత్తు మందులు, ఘాటైన నొప్పి మందులు గొంతు కండరాలను వదులు చేస్తాయి, ఊపిరి వేగాన్నీ తగ్గిస్తాయి. ఇంట్లో ఊపిరి మిషన్ వాడేవాళ్ళు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, ఇన్సులిన్ వేసుకుంటూ చక్కెర అటూ ఇటూ ఊగేవాళ్ళు, అత్యవసర వైద్యం అందే చోటికి చాలా దూరంలో ఉండేవాళ్ళు కూడా ఒక రాత్రి ఉండడం గురించి మొహమాటం లేకుండా అడగాలి. ఇంట్లో ఆ రాత్రి పెద్దవాళ్ళెవరూ ఉండరనుకుంటే ఇక ఎంపికే లేదు. పూర్తి మత్తు గానీ, నిద్రమత్తు ఇంజెక్షన్ గానీ తీసుకున్నవాళ్ళతో 24 గంటల పాటు ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి. ఆ 24 గంటలూ బండి నడపకూడదు, మద్యం ముట్టకూడదు, సంతకాలు చేయకూడదు, పసిపిల్లల బాధ్యత ఒంటరిగా తీసుకోకూడదు. తెలివి తేటగానే ఉందనిపిస్తుంది, నిర్ణయాలు మాత్రం సరిగా ఉండవు.

వెన్నులో మత్తు ఇచ్చినవాళ్ళకు ఇంకో మాట. మత్తు దిగాక మూత్రం రాకపోవడం వీళ్ళలో తరచుగా చూసేదే. ఆరు నుంచి ఎనిమిది గంటలైనా మూత్రం రాక పొత్తికడుపు బిగిసిపోతుంటే ఓర్చుకోవద్దు, ఫోను చేయండి. ఒకటి రెండు రోజుల తర్వాత, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వచ్చినా ఆసుపత్రికి చెప్పాల్సిందే. అది మామూలు తలనొప్పి కాదు, దానికి వేరే చికిత్స ఉంది.

ఆసుపత్రి గుమ్మం దాటక ముందు నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. రాత్రి పూట ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు అడిగి, అక్కడే నిలబడి ఒకసారి కలిపి చూస్తాను. చీటీ మీద అచ్చు వేసిన నంబరు రాత్రుళ్ళు ఎవరూ ఎత్తనిది కావచ్చు.

సొంత ఇల్లా, అయినవాళ్ళ ఇల్లా?

సొంత ఇంట్లో చీకట్లో కూడా కాళ్ళకు దారి తెలుసు. స్విచ్ ఎక్కడుందో, గడప ఎంత ఎత్తుందో, మరుగుదొడ్డి తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆలోచించక్కర్లేదు. అయినవాళ్ళ ఇంట్లో మనుషులు ఎక్కువ ఉంటారు, వంట పని తప్పుతుంది. పేరుకు ఇవి రెండే అయినా, తూచి చూడాల్సినవి చిన్న చిన్నవి: పడక నుంచి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులు, మధ్యలో మెట్లున్నాయా, కమోడ్ ఉందా, మంచం ఎత్తెంత? మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆని, మోకాళ్ళు తుంటి కంటే కాస్త కిందికే ఉండాలి. నేల మీద పరుపు, లోతుగా దిగబడే సోఫా పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళకు పనికిరావు. కూర్చోవడం ఎలాగో కూర్చుంటారు, లేవలేరు.

పరుగెత్తుకొచ్చి ఒళ్ళో పడే పసిపిల్లలు, మీదికి దూకే పెంపుడు కుక్క ఉన్న ఇల్లు ఎంత ఆప్యాయమైనదైనా మొదటి వారం వద్దు. మాట్లాడించడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ ఉండే ఇల్లు కూడా అంతే. కూర్చుని కబుర్లు చెప్పడమూ అలసటే, ఎదుటివాళ్ళకు అది కనిపించదు.

ఇంత తూచినా చాలామందికి తట్టని మూడో దారి ఒకటుంది: మీరు వాళ్ళింటికి వెళ్ళకుండా, వాళ్ళలో ఒకరిని మూడు రోజులకు మీ ఇంటికి రమ్మనడం. ఇల్లు మీది, తోడు వాళ్ళది. అడగడానికి మొహమాటపడతాం, మన ఇబ్బంది వాళ్ళ మీద వేస్తున్నామనుకుంటాం. నిజానికి ఒక రోగి కోసం ఇల్లంతా సర్దుకోవడం కంటే ఒక మనిషి సంచి పట్టుకుని రావడం వాళ్ళకూ తేలికే. నా ఓటు దీనికే. అది కుదరకపోతే, సదుపాయాలు తక్కువైనా సరే, పిలిస్తే పలికే మనిషి ఉన్న ఇంటికే వెళ్ళండి.

ఇంటి మనిషా, జీతానికి వచ్చే మనిషా?

ఇక్కడ ముందు ఒక తేడా గమనించాలి. అటెండెంట్ వేరు, నర్సు వేరు. అటెండెంట్ లేపి కూర్చోబెట్టడం, స్నానానికి సాయపడడం, బట్టలు మార్చడం చేస్తారు. ఇంజెక్షన్, గాయంలోంచి ద్రవం తీసే గొట్టం, మూత్రపు గొట్టం, లోతుగా గుడ్డ దూర్చి కట్టే కట్టు ఇవన్నీ శిక్షణ పొందిన నర్సు పనులు. మీ గాయానికి ఈ రెండో రకం పనులేవీ లేకపోతే రోజంతా నర్సు అవసరం ఉండదు. ఉంటే, ఆ పనికి రోజూ ఒక గంట వచ్చి వెళ్ళే నర్సు, మిగతా సమయానికి ఇంటి మనిషి చాలా ఇళ్ళలో సరిపోతుంది.

ఇంటి మనిషికి మీ ముఖం తెలుసు. మీరు బాగానే ఉన్నానని చెబుతున్నా ముఖం చూసి లేదని పట్టగలరు. అది కొనుక్కుంటే దొరికేది కాదు. కానీ ఇంటి మనిషి ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండలేరు, మూడో రోజుకు వాళ్ళే డస్సిపోతారు. ఇంకో సంగతి చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. మొలల ఆపరేషనో, గజ్జల్లో కుట్లో అయినప్పుడు కన్నకొడుకు ముందు, కోడలి ముందు బట్ట తొలగించడం కంటే ముక్కూ ముఖం తెలియని అటెండెంట్ ముందు తొలగించడమే సుఖమనిపించేవాళ్ళు ఉన్నారు. అది పెడసరం కాదు. రోగిని అడిగి, వాళ్ళకు ఏది నయమనిపిస్తే అదే చేయాలి. ఈ విషయంలో ఇంట్లోవాళ్ళు నొచ్చుకోకూడదు.

ఎవరు చూసినా, మందుల లెక్క మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి. అమ్మకు పిత్తాశయం తీసిన మర్నాడు నేను ఎనిమిదింటికి పారాసిటమాల్ ఇచ్చి బయటికి వెళ్ళాను. తొమ్మిదింటికి అక్కయ్య వచ్చి, అమ్మ ఒళ్ళు వెచ్చగా ఉందని జలుబు మాత్ర ఒకటి వేసింది. సాయంత్రం మాత్రల అట్టలు తిప్పి చూస్తే ఆ జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ ఉంది. ఆ రోజు మొత్తం లెక్కేస్తే ప్రమాదపు హద్దు లోపలే ఉంది, ఆసుపత్రివాళ్ళు కూడా ఫర్వాలేదన్నారు. కానీ ఆ అట్ట వెనక చిన్న అక్షరాలు చదువుతున్నప్పుడు అక్కయ్య చేతులు వణకడం నాకు ఇంకా గుర్తుంది. ఆ రాత్రే ఒక పాత నోటుబుక్కు తీసి మంచం పక్కన పెట్టాం: వేళ, మాత్ర పేరు, ఇచ్చినవాళ్ళ పేరు. రాయకుండా ఎవరూ ఏదీ వేయకూడదు.

మాత్రలు గడియారం చూసి వేసుకోవాలా, నొప్పి వచ్చినప్పుడా?

మాత్రలు తక్కువ వేసుకుంటే ఒంటికి మంచిదన్న నమ్మకంతో చాలామంది ఓర్చుకుంటారు. నొప్పి ఓర్చుకున్న మనిషి లోతుగా ఊపిరి తీయడు, దగ్గడు, నడవడు. ఆ మూడూ చేయకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టే వీలు పెరుగుతుంది. పైగా పూర్తిగా లేచిన నొప్పిని దించడానికి ఎక్కువ మందు కావాలి. అందుకే మొదటి రెండు మూడు రోజులు డాక్టరు రాసిన మాత్రలను వేళ ప్రకారం వేసుకోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను. ఆ తర్వాత నొప్పిని బట్టి తగ్గించుకోవచ్చు.

ముఖ్యంగా ఆ మొదటి మాత్ర. గాయం దగ్గర వేసిన మత్తు కొన్ని గంటల్లో దిగుతుంది. చేతికో కాలికో నరాల దగ్గర వేసిన మత్తు పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా ఉంటుంది. అది దిగకముందే, నొప్పి లేనప్పుడే, మొదటి మాత్ర కడుపులో పడాలి. పడుకునే ముందు ఒకటి వేసుకుని, తర్వాతి దానికి అలారం పెట్టుకోండి. నా మొదటి రాత్రి నరకమైంది ఈ ఒక్క మాట ఎవరూ చెప్పకే.

మందుల్లో పారాసిటమాల్ పునాది లాంటిది. పెద్దలకు ఒక మోతాదు 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము, మోతాదుకూ మోతాదుకూ కనీసం నాలుగు గంటల ఎడం, 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువున్నవాళ్ళకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకు, రోజూ మద్యం తాగేవాళ్ళకు ఈ హద్దు ఇంకా కిందికి వస్తుంది, వాళ్ళు డాక్టరును అడగాలి. ఐబుప్రొఫెన్ లాంటివి వాపుకు కూడా పనిచేస్తాయి, పారాసిటమాల్‌తో కలిపి వాడితే రెండూ వేర్వేరు దారుల్లో నొప్పిని తగ్గిస్తాయి. కానీ కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, రక్తం పలచబరిచే మందులు, ఆ మాత్రలతో ఎగసే ఉబ్బసం, గర్భం ఉన్నవాళ్ళు వాటిని సొంతంగా వేసుకోకూడదు. ట్రమడాల్, కోడీన్ లాంటివి చివరి మెట్టు. రాసిస్తే వాడండి, కానీ నిద్రమత్తు, వికారం, మలబద్ధకం వాటి వెంటే వస్తాయి. హెర్నియా కుట్ల మీద, మొలల గాయం మీద ముక్కడం ఎంత హింసో అనుభవించినవాళ్ళకే తెలుసు. కాబట్టి ఆ మాత్ర మొదలైన రోజే నీళ్ళు, పీచు ఉన్న ఆహారం, అవసరమైతే విరేచనం మెత్తబడే మందు కూడా మొదలవ్వాలి. మూడు రోజులు ఆగి చూద్దామనుకోవద్దు.

చల్లని కాపడమా, వేడి కాపడమా అంటే మొదటి రెండు మూడు రోజులు చల్లనిదే. మంచు సంచిని గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి తీసేయాలి. స్పర్శ తెలియని చోట, మత్తు ఇంకా దిగని చోట పెట్టకూడదు, చర్మం దెబ్బతిన్నా తెలియదు. పచ్చి గాయం మీద వేడి వద్దు.

పడుకోవడమా, తిరగడమా?

ఆపరేషన్ అంటే వారం రోజులు మంచమే అన్న ఆలోచన పెద్దవాళ్ళలో ఇంకా బలంగా ఉంది. రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు 1947లోనే మంచం పట్టి ఉండడం వల్ల ఒంట్లో ఏ భాగం ఎలా చెడుతుందో వరుసగా రాసి హెచ్చరించారు. కండరాలు కరుగుతాయి, పిక్కల్లో రక్తం నిలుస్తుంది, పేగులు మందగిస్తాయి, చర్మం ఒరుసుకుంటుంది. ఆ సాయంత్రమే లేచి గదిలో నాలుగడుగులు వేయడం, మర్నాటి నుంచి మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవడం, పడుకున్నప్పుడు పాదాలను ముందుకూ వెనక్కూ ఆడించడం చాలా ఆపరేషన్ల తర్వాత సరైన పద్ధతి. గజ్జల్లోంచి యాంజియోగ్రామ్ చేసినవాళ్ళు, పాదానికో మోకాలికో ఆపరేషన్ అయినవాళ్ళు, చర్మం అతికించుకున్నవాళ్ళు మాత్రం చెప్పినంతకాలం కదలకుండా, లేదా కాలు మోపకుండా ఉండాలి.

పొట్టలోకి గొట్టాలు వేసి చేసిన ఆపరేషన్ తర్వాత భుజం పీకుతుంటే గుండె నొప్పేమోనని భయపడేవాళ్ళున్నారు. అమ్మ కూడా భయపడింది. లోపల నింపిన కార్బన్ డయాక్సైడ్ గాలి కొంత మిగిలి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానం అనే కండరాన్ని రేపుతుంది, దాని నరం మెడ దగ్గర మొదలవుతుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది, నడిస్తే త్వరగా తగ్గుతుంది. దానితో పాటు ఆయాసం, ఛాతీలో బిగింపు, చెమటలు ఉంటే మాత్రం అది గాలి అనుకుని ఊరుకోకూడదు.

లేచే పద్ధతి నేర్చుకుంటే సగం బాధ తప్పుతుంది. వెల్లకిలా ఉన్నవాళ్ళు నేరుగా లేవకూడదు. మోకాళ్ళు మడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిలాలి. కాళ్ళు మంచం అంచు మీదుగా కిందికి వదులుతూ, పై చేతి అరచెయ్యి, కింది చేతి మోచెయ్యి పరుపు మీద ఆనించి తోసుకుంటూ కూర్చోవాలి. కూర్చున్నాక ఒక నిమిషం ఆగి, కళ్ళు తిరగడం లేదని చూసుకుని నిలబడాలి. దగ్గు గానీ తుమ్ము గానీ వస్తే మెత్తని దిండును కుట్ల మీద రెండు చేతులతో అదుముకోవాలి. ఆపరేషన్‌కు ముందు రోజే ఇది నాలుగుసార్లు చేసి చూడండి. నొప్పిలో కొత్త విద్య పట్టుబడదు.

పడకా, వెనక్కి వాలే కుర్చీయా అంటే భుజం ఆపరేషన్ అయినవాళ్ళకు మొదటి రాత్రులు కుర్చీయే నయం. పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి తల వైపు ఎత్తుగా దిండ్లు పెట్టిన మంచం హాయిగా ఉంటుంది. కాలికైతే పడకే. పాదం గుండె కంటే ఎత్తులో ఉంటేనే వాపు దిగుతుంది, కుర్చీలో అది కుదరదు. కంటి ఆపరేషన్ అయినవాళ్ళు ఆ వైపు ఒత్తిగిలకుండా, రాత్రి కంటి మీద రక్షణ కప్పు పెట్టుకుని పడుకోవాలి. నాన్నకు రెండు రకాల కంటి చుక్కలు రాశారు, ఒకటి వేశాక రెండోదానికి ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

బరువులెత్తడం గురించి రెండు ముక్కలే. పైన చర్మం అతుక్కున్నంత మాత్రాన లోపల మానినట్టు కాదు. మూడు వారాలకు గాయానికి మామూలు చర్మపు బలంలో మూడో వంతు కూడా రాదు. డాక్టరు చెప్పిన గడువు ఎక్కువనిపించినా పాటించండి. బండి ఎప్పుడు నడపాలంటే, మత్తు తెచ్చే మాత్రలు ఆపేశాక, హఠాత్తుగా బ్రేకు గట్టిగా తొక్కినా నొప్పి వల్ల కాలు వెనక్కి రాదనుకున్నప్పుడే.

కట్టు ఇంట్లో మార్చుకోవాలా, ఆసుపత్రిలోనా?

మామూలు కుట్లు, పొడిగా ఉన్న కట్టు అయితే ఇంట్లోనే సరిపోతుంది, అసలు చాలావరకు రెండు రోజులు ముట్టుకోకపోవడమే మంచిది. చూడాలన్న తహతహతో రోజుకు రెండుసార్లు విప్పితే క్రిములకు దారి ఇచ్చినట్టే. చీము గడ్డ కోసి తెరిచి వదిలిన గాయం, ద్రవం కారే గాయం, మీ చేతికి, కంటికి అందని చోట ఉన్న గాయం ఆసుపత్రిలోనో, ఇంటికి వచ్చే నర్సు చేతనో మార్పించుకోవాలి. తెరిచిన గాయం అడుగు నుంచి పైకి మానాలి, పైన ముందే మూసుకుపోతే లోపల మళ్ళీ చీము పడుతుంది.

గాయానికి గాలి తగలాలి, ఎండాలి, పక్కు కట్టాలి అనేది పాత నమ్మకం. జార్జ్ వింటర్ 1962లో పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, పలుచని పొర కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. తేమ అంటే నీళ్ళలో నానడం కాదు, కప్పి ఉంచడం. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోసి కడగడం, పొడులు చల్లడం వద్దు. అవి క్రిములతో పాటు అప్పుడే పుడుతున్న కణాలనూ చంపుతాయి. చర్మాన్ని జిగురుతో అతికించి ఉంటే దాని మీద ఆయింట్‌మెంటు రాయకూడదు, జిగురు కరిగిపోతుంది. అది వారం పది రోజుల్లో తనంతట తనే పొలుసులుగా రాలుతుంది, గిల్లకండి.

స్నానం సంగతి: మొదటి 48 గంటలు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడం, ఆ తర్వాత డాక్టరు సరేనంటే నిలబడి పోసుకునే స్నానం. నీళ్ళు గాయం మీదుగా జారిపోవచ్చు, ధారగా కొట్టకూడదు, రుద్దకూడదు, మెత్తని గుడ్డతో అద్దాలి. తొట్టి స్నానం, ఈత గాయం పూర్తిగా మూసుకునేదాకా వద్దు. మొదటి స్నానానికి తలుపు గడియ పెట్టుకోకండి, బయట ఒకరిని కూర్చోమనండి. వేడినీళ్ళకు కళ్ళు తిరిగి పడిపోయేది అక్కడే.

ఫోటో పంపితే చాలా, వెళ్ళి చూపించాలా?

రోజూ ఒకే వేళ, ఒకే వెలుతురులో గాయాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఎరుపు పాకుతోందా, తగ్గుతోందా అన్నది జ్ఞాపకం కంటే ఫోటో నిజంగా చెబుతుంది. అంచుల వెంట కాస్త ఎరుపు, కొద్ది వాపు, పలుచని పసుపు నీరు, మొదటి రోజో రెండో రోజో కొద్దిపాటి వేడి మామూలే. ఇలాంటివాటికి ఫోటో, వీడియో కాల్ చాలు. ఫోటోలో కనిపించనివి బిగుతు, వాసన, లోతైన నొప్పి, పిక్క వాపు. వాటికి మనిషి చెయ్యి పడాలి.

గాయంలో చీము సాధారణంగా మూడో రోజు తర్వాత తెలుస్తుంది. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగడం, ఎరుపు పాకడం, చిక్కని ద్రవం, దుర్వాసన, 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటిన జ్వరం ఉంటే ఆ రోజే చూపించుకోవాలి. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదమాలి. మధ్యలో ఆగిందా అని ఎత్తి చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పది నిమిషాలకూ ఆగకపోతే, యాంజియోగ్రామ్ చేసిన చోట రక్తం చిమ్మినా ఉబ్బెత్తుగా వాచినా, వెంటనే అంబులెన్సు. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పుట్టినా, కంటి ఆపరేషన్ తర్వాత చూపు తగ్గి నొప్పి పెరిగినా, వాంతులు ఆగక నీళ్ళు కూడా నిలవకపోయినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, ఎంత లేపినా లేవని మత్తు వస్తే వాహనం వెతుక్కుంటూ కూర్చోకుండా అత్యవసర నంబరుకు ఫోను చేయాలి. రాత్రిపూట ఫోను చేసి విసిగిస్తున్నామేమోనన్న బిడియం ఇక్కడ పనికిరాదు. ఆ నంబరు ఇచ్చింది అందుకే.

రెండోవైపు హెర్నియా చేయించుకున్న రోజు మధ్యాహ్నం వదినతో కలిసి ముందే గది సర్దాం. ఆపరేషన్ ఎడమవైపు కాబట్టి కుడివైపు ఒత్తిగిలి లేవాలి, అందుకని చిన్న బల్ల కుడివైపు పెట్టాం. దాని మీద మూత ఉన్న నీళ్ళ సీసా, రాత్రికి సరిపడా మాత్రలు, నోటుబుక్కు, పెన్ను, వాంతికి ఒక గిన్నె, ఫోను, దాని తీగ అక్కడి దాకా వచ్చేలా. దారిలో ఉన్న తివాచీ తీసేశాం, మరుగుదొడ్డి లైటు వేసే ఉంచాం. అలారం ఒంటిగంటకు మోగితే మాత్ర వేసుకుని పడుకున్నాను. రెండింటికి ఒకసారి మెలకువ వచ్చింది. ఒత్తిగిలడానికి మోకాళ్ళు మడుస్తుంటే మంచం కిర్రుమంది. ఆ చప్పుడుకే, పక్కన నేల మీద పరుపు వేసుకుని పడుకున్న అన్నయ్య లేచి కూర్చుని, మూత్రానికా అని అడిగాడు.